ఎల్లారావుకి గ్యాసు కొట్టింది

మా ఆయన ఎల్లారావుకి ఈ లోకంలో ఒక్కడే శత్రువు. ఆ శత్రువుకి రంగు లేదు, వాసన లేదు. పేరు కార్బన్ మోనాక్సైడు. మా ఇంట్లో ముద్దుగా గ్యాసు అంటాం.

ఆటోనగర్‌లో ఇనప కడ్డీలు సాగదీసే ఒక మిల్లులో ఆయన సేఫ్టీ సూపర్‌వైజరు. అక్కడ బొగ్గులోంచి గ్యాసు తీసి, ఆ గ్యాసుతో కొలిమి మండిస్తారు. అది ఏ గొట్టంలోంచైనా కారిందంటే మనిషికి తెలియకుండానే మనిషిని పడేస్తుంది. అలా పడకుండా చూడటం మా ఆయన ఉద్యోగం. ఆ ఉద్యోగాన్ని ఆయన గేటు దగ్గర వదిలి వచ్చే మనిషి కాదు. నేను పొయ్యి వెలిగిస్తే కిటికీలు తీయిస్తాడు. దేవుడికి అగరొత్తులు పెడితే గది తలుపు తీయిస్తాడు. పక్కింటివాళ్ళు దోమల బత్తీ వెలిగించారని గోడ మీంచి వంగి మరీ క్లాసు పీకాడు.

"పొగంతే సిన్న ఇసయం కాదే రాణీ. నెత్తురులో ఊపిరికి సోటుండాల. ఈ గ్యాసు ఎల్లి ఆ సోట్లో కూకుంతాది. ఇంక ఊపిరెక్కడ కూకోవాల?" అని నాకు పాఠం చెప్పేవాడు. పాఠం చెబుతూనే అగ్గిపుల్ల గీసి సిగరెట్టు ముట్టించేవాడు.

"మరి ఇదేటి మావా?" అంటే, "దీనికి పిల్టరుంది కదేటి," అనేవాడు.

తాడిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడ గడ్డి కోసం అన్నాడట వెనకటికొకడు. మా ఆయన ఆ వంశం. సిగరెట్టు గురించి ఏ మాట అన్నా ఆయన దగ్గర జవాబు సిద్ధం. అన్నిటికన్నా పెద్ద జవాబు ఇంట్లోనే, వరండాలో గోడకి చేరగిలబడి కూర్చుని ఉండేది. మా అత్త పోతమ్మ. శ్రీకాకుళం వైపు ఆడవాళ్ళలాగే ఆవిడకీ అడ్డపొగ అలవాటు. అంటే చుట్ట వెలిగించి, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని తాగుతుంది. చూసేవాడికి నాలుక కాలుతుందేమో అనిపిస్తుంది గానీ, ఆవిడ మాత్రం నోట్లో నిప్పు పెట్టుకునే నాతో కబుర్లు చెబుతుంది, చేపలమ్మేదానితో బేరమాడుతుంది.

"మాయమ్మ నిప్పు నోట్లో ఎట్టుకుని ఎనభై దాటేసినాది. నాను పిల్టరు నోట్లో ఎట్టుకుంతాను. నానెన్నేళ్ళు బతకాల?" అని మా ఆయన లెక్క. ఆవిడ చెల్లెలు అదే చుట్ట తాగి, అంగిట్లో పుండు పడి, గంజి కూడా మింగలేక పోయింది. ఆ సంగతి ఎత్తితే తల్లీకొడుకులిద్దరూ మాట మార్చేవాళ్ళు. బతికినవాళ్ళే సాక్ష్యానికి వస్తారు గానీ పోయినవాళ్ళు వచ్చి చెప్పరు కదా.

ఇక మిల్లులో సంగతి. సేఫ్టీవాళ్ళందరూ చొక్కా జేబుకి చిన్న మీటరు తగిలించుకుంటారు. చుట్టుపక్కల గాలిలో ఆ గ్యాసు ఉంటే కీచుమని అరిచి ఎర్రదీపం వెలిగిస్తుంది. మిల్లు లోపల సిగరెట్టు తాగకూడదు. ఆ రూలు పెట్టించింది మా ఆయనే. గేటు బయట సన్యాసిరాజు టీ బడ్డీ ఉంది. మా ఆయనా, ఆ సేఫ్టీలోనే పనిచేసే మా తమ్ముడు తిరుమలరావూ, వాళ్ళ వెనక నలుగురైదుగురు కుర్రాళ్ళూ అక్కడికి పోయి పొగ పీల్చి వచ్చేవాళ్ళు. వచ్చి మెషిను దగ్గర నిలబడి మా ఆయన నోరు తెరవగానే జేబులో మీటరు కీచుమనేది.

మొదటిసారి అరిచినప్పుడు ఆయన మిల్లు మొత్తం ఆపించాడట. గొట్టాలన్నీ వెతికించాడు. ఏమీ దొరకలేదు. రెండోసారీ దొరకలేదు. మూడోసారి మీటరుని తిట్టి, రిపేరుకి పంపించాడు. కంపెనీవాళ్ళు పరీక్ష చేసి, భేషుగ్గా ఉందని చీటీ అంటించి తిప్పి పంపారు. మా ఆయన కొత్త మీటరు తెప్పించాడు. అది కూడా ఆయన నోటి దగ్గరికి రాగానే అరిచింది.

"ఈ కంపెనీయే మంచిది కాదురా బామ్మర్దీ," అన్నాడు మా ఆయన. మా తమ్ముడు తలూపాడు. ఆ తరవాత టీ బడ్డీకి వెళ్ళే ముందు మీటరు కట్టేయడం, వచ్చి కాసేపయ్యాక పెట్టుకోవడం మొదలుపెట్టారు. లోకంలో ప్రతి మీటరూ ఒకే మాట చెబుతుంటే లోకంలో మీటర్లన్నీ చెడిపోయాయని తేల్చిన ఘనుడు మా ఆయన. కంచే చేను మేస్తే చేను ఎవరికి చెప్పుకుంటుంది?

అయినా పనిలో ఆయనకి వంక పెట్టడానికి లేదు. ఈ మాట నా మొగుడని చెప్పడం లేదు. ఆయన వచ్చాక ఆ మిల్లులో గ్యాసుకి ఒక్క మనిషి పోలేదు. కుర్రాళ్ళకి ఆయన నేర్పిన తీరు అలాంటిది. నల్లబల్ల మీద రాసి చెబితే వినరని, తనే ఆడి చూపించేవాడు. పొద్దున్న అందరినీ నిలబెట్టి మాట్లాడుతూ మాట్లాడుతూ హఠాత్తుగా తూలేవాడు. నాలుక మడతపడినట్టు ముద్దముద్దగా మాట్లాడేవాడు. దభీమని పడేవాడు. కుర్రాళ్ళు పరిగెత్తుకొచ్చి, ఆయన్ని గాలి ఆడే చోటికి మోసి, చొక్కా గుండీలు విప్పి, ఆక్సిజను పెట్టాలి. ఒక్కటి మరిచినా మళ్ళీ మొదట్నించీ ఆడేవాడు. "తల తిరిగితే గ్యాసు. మాట తడబడితే గ్యాసు. కాలు తూలితే గ్యాసు. మోసుకెళ్ళి పడుకోబెట్టండి. ఊరికే కదపొద్దు. ఒళ్ళు అలిసిందంతే గ్యాసు గుండెకెక్కేస్తాది." ఇది వాళ్ళందరికీ నోటికొచ్చిన పాఠం. నాకూ వచ్చు.

ఆ రోజు జరిగింది నేను చూడలేదు. నలుగురు నాలుగు ముక్కలుగా చెప్పారు. గాజువాకలో నాది టైలరింగ్ షాపు కాబట్టి ముక్కలు కలిపి కుట్టుకోవడం నాకు అలవాటే.

పొద్దున్న ఆయన సన్యాసిరాజు బడ్డీ దగ్గర ఒకదాని నిప్పుతో ఇంకొకటి అంటించి, రెండు సిగరెట్లు తాగి వచ్చాడట. గ్యాసు ప్లాంటు పక్కన కుర్రాళ్ళని నిలబెట్టి మాట మొదలుపెట్టాడు. మధ్యలో నాలుక మడతపడింది. ఏదో అనబోయి ఇంకేదో అన్నాడు. కుడిచేతిలో హెల్మెట్టు జారిపోయింది. కుడికాలు మడిచిపెట్టినట్టయి పక్కకి ఒరిగిపోయాడు.

కుర్రాళ్ళు నవ్వారు. ఒకడు చప్పట్లు కూడా కొట్టాడట. "ఈ రోజు గురువుగారు ఇరగదీసేసినారు" అని.

నవ్వుతూనే పరిగెత్తారు. నవ్వుతూనే మోశారు. షెడ్డు చివర, గాలి బాగా వచ్చే చోట నులకమంచం మీద పడుకోబెట్టి గుండీలు విప్పారు. ఆక్సిజను పెట్టారు. ఎప్పుడూ ఆ సరికి లేచి కూర్చుని తప్పులు చెప్పే మనిషి, ఆ రోజు లేవలేదు. ఎడమచేత్తో మాస్కు లాగేసుకుని ఏదో చెప్పాలని చూశాడు. నోట్లోంచి వచ్చింది మాట కాదు, చొంగ. అప్పుడు వాళ్ళకి భయం పుట్టింది.

మా తమ్ముడు తన మీటరు తీసి గ్యాసు ప్లాంటు దగ్గర పట్టాడు. సున్నా. గొట్టాల దగ్గర పట్టాడు. సున్నా. తీసుకొచ్చి బావ నోటి దగ్గర పట్టాడు. కీచుమని అరిచింది. ఎర్రదీపం వెలిగింది.

"గ్యాసేరా! సూడండి, నిజం గ్యాసే! గాలికి అక్కడిది కొట్టుకుపోనాది గానీ బావ లోపలుండిపోనాది!" అని మా తమ్ముడు కేక పెట్టాడు.

అంతే. ఇక ఎవరికీ అనుమానం లేదు. అన్నేళ్ళూ చెడిపోయిన మీటరు ఆ ఒక్క పూటకి దేవుడి మాట అయిపోయింది. గురువుగారు నేర్పిన పాఠం ఒక్క అక్షరం తప్పకుండా నడిచింది. కదపలేదు. అలవనివ్వలేదు. తల నిమురుతూ, విసురుతూ, ఆక్సిజను సిలిండరు అయిపోతే రెండోది తెచ్చి పెడుతూ, పువ్వుల్లో పెట్టి చూసుకున్నారు. మేనేజరు భీమశంకరరావు గారు కూడా వచ్చి చూశారు. ఆయనది కాకినాడ వైపు. మంచి మనిషే. "ఎంత పద్ధతిగా చేశార్రా! ఎల్లారావు తర్ఫీదంటే మాటలా అండి!" అని కుర్రాళ్ళ భుజాలు తట్టి వెళ్ళారట. గురువుని మించిన శిష్యులు. గురువు మాత్రం మంచం మీంచి వాళ్ళని చూస్తూ కళ్ళనీళ్ళు కారుస్తున్నాడు. గ్యాసుకి కళ్ళు మండుతాయని తుడిచారు.

మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక మా తమ్ముడు నాకు ఫోను చేశాడు. "అక్కా, బావకి కొంచెం గ్యాసు కొట్టినాది. నువ్వేటీ కంగారు పడకు. ఆక్సిజను ఎట్టేము. సాయంత్రానికి లేచి కూకుంతాడు."

షాపు తలుపు కూడా సరిగ్గా వేయకుండా ఆటో ఎక్కాను. నేను వెళ్ళేసరికి ఆయన్ని పక్కనే ఉన్న ఒక చిన్న క్లినిక్కుకి తెచ్చారు. అక్కడి డాక్టరుకి కూడా గ్యాసు కేసు అనే చెప్పారు. ఆయన ఆక్సిజనే పెట్టి ఉంచాడు. నేను వెళ్ళి మొహం చూశాను. నోరు ఒక పక్కకి జారిపోయి ఉంది. కుడిచెయ్యి పట్టుకుంటే, ఎవరిదో చెయ్యి పట్టుకున్నట్టుంది.

"ఓలమ్మో, నోరేటిరా ఇలగైపోనాది?"

"గ్యాసక్కా."

"సెయ్యి?"

"గ్యాసే."

డాక్టరు అప్పుడు లేచి వచ్చి, మా ఆయన్ని రెండు చేతులూ ఎత్తమన్నాడు. ఒకటే లేచింది. డాక్టరు మొహం మారిపోయింది. "వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి," అన్నాడు. "ఇది గ్యాసు కాదు."

అంబులెన్సు ఎన్ఏడీ కూడలి దాటుతుంటే కూడా మా తమ్ముడు ఆ డాక్టరుని తిడుతూనే ఉన్నాడు. "మీటరు సెప్పినాక ఆడెవడే సెప్పడానికి?"

పెద్దాసుపత్రిలో తల స్కాను తీశారు. శ్రీసత్య అని చిన్న వయసు డాక్టరమ్మ. నన్ను కూర్చోబెట్టి, మెదడుకి నెత్తురు తీసుకెళ్ళే గొట్టంలో గడ్డ అడ్డుపడిందని చెప్పింది. స్ట్రోకు అంది. గడ్డని కరిగించే ఇంజెక్షను ఉంది గానీ, దెబ్బ తగిలిన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలట. "ఎప్పుడు మొదలైంది?" అని అడిగింది.

నేను మా తమ్ముడి వైపు చూశాను. "పొద్దున్న పనిలోకెల్లగానే," అన్నాడు వాడు. గడువు అప్పటికే దాటిపోయింది.

"ఇంతసేపు ఎక్కడున్నారు?"

"బాగా గాలాడే సోటున," అన్నాడు మా తమ్ముడు.

వాడి మీద అప్పుడు నాకు వచ్చిన కోపం ఇప్పటికీ పోలేదు. వాడు చేసిన తప్పు కూడా ఏమీ లేదు. అదే నా కోపం.

మీటరు సంగతి చెప్పాను. డాక్టరమ్మ నవ్వలేదు. "సిగరెట్టు పొగలోనూ అదే గ్యాసు ఉంటుందమ్మా. తాగేవాళ్ళ ఊపిరిలోంచి బయటికి వస్తూనే ఉంటుంది. మీటరు తప్పు చెప్పలేదు. ఆ గ్యాసు మీ ప్లాంటులోది కాదు, ఆయన జేబులోది," అంది.

తరవాత ఆవిడ చెప్పిందంతా నాకు బాగా గుర్తుంది. పొగ నెత్తురుని చిక్కబరుస్తుంది. గొట్టం లోపలి గోడని గీకుతుంది. గీకిన చోట కొవ్వు పట్టుకుంటుంది, గడ్డ కట్టుకుంటుంది. పైగా బీపీ పెంచుతుంది. "సిగరెట్టు ఒక్కటే కారణమని నేననను. ఆయనకి బీపీ ఉంది, మాత్ర సరిగ్గా వేసుకోడు. కానీ తాగనివాళ్ళ కన్నా తాగేవాళ్ళకి స్ట్రోకు ప్రమాదం దగ్గర దగ్గర రెండింతలు. ఎంత ఎక్కువ తాగితే అంత ఎక్కువ."

"పిల్టరుంటే?"

"ఫిల్టరుంటే గొట్టానికి తెలియదమ్మా."

"ఇప్పుడు మానేస్తే లాబముందా?"

"ఉంది. మానేసిన దగ్గర్నించీ ప్రమాదం తగ్గుతూ వస్తుంది. కొన్నేళ్ళకి తాగనివాళ్ళతో ఇంచుమించు సమానం అవుతుంది." ఆవిడ మా తమ్ముడి చొక్కా జేబు వైపు చూస్తూ చెప్పింది. వాడు జేబు మీద చెయ్యి పెట్టుకున్నాడు.

మా ఆయన బతికాడు. కుడికాలు ఈడుస్తూ నడుస్తాడు. కుడిచెయ్యి పనికి రాలేదు. అన్నిటికన్నా నష్టం నోటికి. మనం అన్నది అంతా అర్థమవుతుంది, తను అనాలనుకున్నది మాత్రం నోటి దాకా వచ్చి ఆగిపోతుంది. ఊరందరికీ పాఠాలు చెప్పిన మనిషి మంచినీళ్ళు అడగడానికి గ్లాసు చూపిస్తాడు. ఆయన వాగుడికి నేను ఎన్నోసార్లు చెవులు మూసుకున్నాను. ఇప్పుడు ఇంట్లో ఆ నిశ్శబ్దం నాకు భరించలేనంత కష్టంగా ఉంది. సిగరెట్టు మాత్రం ఆసుపత్రిలో పడిన రోజు నుంచి ముట్టలేదు.

మా తమ్ముడికి, కుర్రాళ్ళకి నేను చెప్పాను. డాక్టరమ్మ చెప్పినదంతా పూసగుచ్చినట్టు చెప్పాను. చెవిటివాడి ముందు శంఖం ఊదాను. "డాక్టర్లు అలగే అంతారొదినా. ఎవులు ఏ రోగంతో ఎల్లినా సిగరెట్టు మానేయమంతారు. గురువుగారే సెప్పేరు కదేటి, మాట తడబడితే గ్యాసని." ఆయన్ని చూడ్డానికి వచ్చిన ప్రతివాడూ లోపల ఆయన దగ్గర కూర్చుని నిట్టూర్చి, బయటికి వెళ్ళి వీధిలో నిలబడి బాధ తట్టుకోలేక ఒకటి ముట్టించేవాడు. మా తమ్ముడైతే బావ మీద బెంగతో పెట్టె నుంచి రెండు పెట్టెలకి పెరిగాడు. వాడికీ బీపీ ఉంది. మా అమ్మ కడుపున పుట్టినవాళ్ళలో నాకు మిగిలింది వాడొక్కడే.

ఒకరోజు వాడు కిటికీ అవతల నిలబడి తాగుతుంటే మా ఆయన ఎడమచేత్తో నా కొంగు పట్టుకు లాగాడు. వాడి వైపు చూపించాడు. పడిపోయిన కుడిచెయ్యిని ఎడమచేత్తో ఎత్తి చూపించాడు. మళ్ళీ వాడి వైపు చూపించాడు. తరవాత తన నోరు చూపించి ఏడ్చాడు. నా మాట వాళ్ళు నమ్మరు. ఆయన మాటే నమ్ముతారు. ఆయనకి మాట లేదు.

ఆ మర్నాటి నుంచీ మొదలుపెట్టాం. మాటలు నేర్పే అమ్మాయి వారానికి ఒకసారి వస్తుంది. అమ్మ, నీళ్ళు, అన్నం అని చిన్న చిన్న మాటలు నేర్పబోయింది. ఈయన వద్దని తలూపాడు. ఆయనకి ఒక్కటే మాట కావాలి. దాన్ని నేను ముక్కలు చేసి ఇచ్చాను. సి. గ. రె. ట్టు. నేను మిషను తొక్కుతూ అనేదాన్ని, ఆయన పక్కన కుర్చీలో కూర్చుని అనేవాడు. సి దగ్గర గాలి పోయేది. రె దగ్గర నాలుక తిరిగేది కాదు. చెమటలు పట్టేవి.

మా అత్త వరండాలోంచి చూసి, "ఎనకటికి దీన్ని మానమంతే అందరి నోరూ మూయించీవోడు. ఇప్పుడు నోరు పడిపోతే అదే మాట నేర్సుకుంతన్నాడేటే!" అంది. నిప్పు నోట్లో ఉండగానే అంది.

వేసవి ముందు ఒక రోజు భీమశంకరరావు గారు ఇంటికి వచ్చారు. సేఫ్టీ వారోత్సవాలట. "గ్యాసు ప్రమాదాన్ని జయించిన మన ఎల్లారావుకి శాలువా కప్పుదామని అండి. కుర్రాళ్ళ రెస్క్యూ గురించి పై ఆఫీసుకి కూడా రాశానండి," అన్నారు. మా ఆయన గట్టిగా అడ్డంగా తలూపాడు. "చూశారా అమ్మా, ఎంత వినయమో," అన్నారాయన.

వద్దని చెబుదామనుకున్నాను. మా ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపాడు. కళ్ళలో మునుపటి పట్టుదల కనిపించింది. అందరూ ఒక్కచోట ఉంటారు. మైకు ఉంటుంది. ఒక్క మాట. నాకు అర్థమైంది. ఆ వారం అంతా మిషను తొక్కడం మానేసి ఆయన ఎదురుగా కూర్చున్నాను.

ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసి తీసుకెళ్ళాను. షామియానా, కుర్చీలు, బంతిపూల దండ. వేదిక వెనక గుడ్డ మీద పెద్ద అక్షరాలతో "గ్యాసును గెలిచిన మన ఎల్లారావు" అని రాయించారు. మేనేజరుగారు మాట్లాడారు. మా తమ్ముడు మాట్లాడుతూ మధ్యలో ఏడ్చేశాడు. శాలువా కప్పారు. మా ఆయన ఎడమచేత్తో మైకు అడిగాడు.

అందరూ లేచి నిలబడ్డారు. అందరూ అంటే అందరూ. ఆయన గొంతు విని ఎన్నాళ్ళయిందో. నేను మొదటి వరసలోంచి పెదాలు కదిపాను. ఒక్కసారి అను మావా, ఒక్కసారి.

"సి..." అన్నాడు. ఆగాడు. ఊపిరి తీసుకున్నాడు. "సి...గ...రె...ట్టు."

అన్నాడు! నాలుగు ముక్కలూ పలికాడు. ఆనందంతో నాకు కళ్ళు కనపడలేదు.

షామియానా అదిరిపోయేట్టు నవ్వులు, ఈలలు, చప్పట్లు. "గురువుగారు! మా గురువుగారే! మొదటి మాటే అది!" "పాపం, ఇన్నాళ్ళూ ఒదిన ఒక్కటీ ఇచ్చినట్టు నేదురా!" ఆయన మైకులోకి మళ్ళీ ఏదో అనబోతున్నాడు. ఎవరికీ వినపడటం లేదు. మా తమ్ముడు కళ్ళు తుడుచుకుంటూ వేదిక ఎక్కి, జేబులోంచి పెట్టె తీశాడు.

"ఇక్కడ కాదు, ఇక్కడ కాదు!" అని భీమశంకరరావు గారు అడ్డం పడ్డారు. "లోపల నిషేధం! ఎల్లారావు పెట్టిన రూలే అది. గేటు బయటికి తీసుకెళ్ళండి."

ఇద్దరు కుర్రాళ్ళు చెరో భుజం పట్టుకున్నారు. కాలు నేలకి తగలనివ్వకుండా, మునుపటిలాగే ఎంతో పద్ధతిగా మోసుకెళ్ళారు. నేను కుర్చీలు తోసుకుంటూ వెనక పరిగెత్తాను. నేను గేటు దాటేసరికి సన్యాసిరాజు బడ్డీ ముందు బల్ల మీద కూర్చోబెట్టారు. చుట్టూ పదిమంది. అందరి చేతుల్లోనూ ఒకటి వెలుగుతోంది. గురువుగారితో కలిసి తాగే భాగ్యం మళ్ళీ వచ్చిందని అందరి మొహాలూ వెలుగుతున్నాయి. మా తమ్ముడు ఒకటి ముట్టించి, తల్లి బిడ్డకి ముద్ద పెట్టినట్టు బావ పెదాల దగ్గర పెడుతున్నాడు. ఆయన మొహం తిప్పుకుంటున్నాడు. వీడు అటు పెడుతున్నాడు. ఆయన ఇటు తిప్పుకుంటున్నాడు.

"మొగమాటపడకు బావా. అక్కకి నాను సెప్తాను."

నాకు ఇక ఒళ్ళు తెలియలేదు.

"ఓరె! ఆయన అడగతం నేదురా! సెప్తన్నాడు! నిన్ను సావొద్దని సెప్తన్నాడు! ఆ ఒక్క మాట కోసం నా మొగుడు రాత్రీ పగలూ అనుకుని అనుకుని నేర్సుకున్నాడు. మీరు పళ్ళికిలిస్తన్నారు! మీకు ఆ గొంతుంది, ఆ సెయ్యుంది, ఏటి తెల్సును మీకు?"

మా తమ్ముడు బావ మొహంలోకి చూశాడు. బావ అవునని తలూపాడు. వాడు సిగరెట్టు ఆయన పెదాల దగ్గర్నించి తీసేశాడు. కుర్రాళ్ళందరూ తలలు దించుకున్నారు. ఒక్కొక్కడే చేతిని మెల్లిగా వీపు వెనక్కి పెట్టుకున్నాడు. మా వైపు కుర్రాళ్ళకి పెద్దల ముందు అదొక మర్యాద. ఎవరూ పారేయలేదు.

ఆయన ఎడమచెయ్యి ఎత్తి, వాళ్ళ వీపుల వెనక నుంచి లేస్తున్న పొగని చూపించి, ఆ మాట మళ్ళీ అన్నాడు. ఈసారి రె కూడా బాగా పలికింది. "అలగేనండి గురువుగారూ," అన్నారు అందరూ ఒక్క గొంతుతో, చేతులు ముందుకి తీయకుండానే.